వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లో పైస్థాయి కెరీర్: క్లాస్ లెక్క, చెయిర్ సెటప్, భుజాలు, క్లబ్ ఒప్పందాలు

బెంచ్_కోచ్

జూనియర్ స్థాయి దాటి జాతీయ జట్టు మీద కన్నేసిన ఆటగాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వాళ్లు మొదట అడిగేది "సెలెక్ట్ అవ్వాలంటే మ్యాచ్‌కి ఎంత స్కోరు చెయ్యాలి?" అని. జాతీయ జట్టు కోచ్ అక్కడ మొదలుపెట్టడు. ఆయన చేతిలో 12 మంది జాబితా ఉంటుంది. ఒక్కో పేరు పక్కన 1.0 నుంచి 4.5 దాకా, అర పాయింటు మెట్లతో, ఒక క్లాస్ ఉంటుంది (ఒంటి మీద పట్టు తక్కువైన కొద్దీ అంకె తగ్గుతుంది). అంతర్జాతీయ మ్యాచ్‌లో కోర్టు మీదున్న ఐదుగురి క్లాసులు కలిపితే 14.0 దాటకూడదు. అంచేత ఆయన చూసేది ఒకటే: ఈ 2.5 ఆటగాడు ఎదుటి జట్టులోని 2.5 కన్నా ఎంత ఎక్కువ పని చేస్తాడు? ఈ 4.0 అమ్మాయి చెయ్యగలిగినదంతా మన దగ్గరున్న 3.0 అమ్మాయి చేసేస్తోందా? చేసేస్తుంటే 4.0కి చోటు లేదు, ఆమె ఎంత బాగా షూట్ చేసినా సరే.

ఎవరి కెరీర్ అయినా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. క్లాస్ గురించీ, చెయిర్, భుజాలు, క్లబ్బుల గురించీ తెలిసినవాళ్లు వివరంగా రాయండి. స్ఫూర్తి కథలు వద్దు, పని వివరాలు కావాలి.

ఒకటిన్నర

క్లాస్ ఎలా తేలుస్తారో ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని వెన్నెముక ఎక్కడ దెబ్బతిందో చూసి ఇచ్చేస్తారని అనుకుంటారు. మెడికల్ రిపోర్టులు అర్హత చూడటానికి పనికొస్తాయి. క్లాస్ మాత్రం ఆటలో నడుము ఎంతవరకు పనిచేస్తుందో చూసి ఇస్తారు. చెయిర్ పట్టుకోకుండా, తన శక్తితో, ఒళ్లు ఎంత దూరం వంచి మళ్లీ నిటారుగా రాగలడన్నదే కొలత.

1.0 ఆటగాడికి నడుము మీద దాదాపు పట్టు ఉండదు. ముందుకు ఒరిగితే చేత్తో చక్రమో ఫ్రేమో పట్టుకుని లేవాలి. 2.0కి నడుము పక్కలకు తిప్పడం వస్తుంది, ముందుకు కొంత వంగి లేవగలడు. 3.0 నేల దాకా వంగి రెండు చేతులతో బంతి తీసుకుని చెయ్యి ఆనించకుండా లేస్తాడు, కాని పక్కకు వాలి తిరిగి రాలేడు. 4.0 ఒక పక్కకు పూర్తిగా వాలగలడు, 4.5 రెండు పక్కలకూ. మధ్యలో ఉన్న అర పాయింట్లు ఈ హద్దుల మధ్య పడేవాళ్లకి.

క్లాసిఫయర్లు (క్లాస్ తేల్చేవాళ్లు) ఆటగాణ్ని ఆడే చెయిర్‌లోనే, మామూలుగా వాడే స్ట్రాప్‌లు కట్టుకునే చూస్తారు. ముందు ప్రాక్టీసులో, తర్వాత మ్యాచ్‌లో. అందుకని క్లాసిఫికేషన్‌కి నెల ముందు చెయిర్ మార్చడం మంచిది కాదు. కొత్త సీటింగ్‌లో ఒళ్లు కుదురుకోకముందే ఇచ్చిన క్లాస్ తర్వాత రివ్యూలో మారే అవకాశం ఉంటుంది, అప్పటికి జట్టు లెక్క మొత్తం చెదిరిపోతుంది.

స్కోర్‌బోర్డ్

ఆ లెక్క ఎలా చెదురుతుందో చూడండి. 4.5, 4.0, 2.5, 2.0, 1.0 కలిపితే సరిగ్గా 14.0. ఇందులో 2.0 ఆటగాడు ఐదో ఫౌల్‌తో బయటికి వెళ్లాడు, బెంచ్ మీద 3.0, 3.5, 1.0 మాత్రమే ఉన్నారు. 3.0ని దింపితే 15.0, కుదరదు. 1.0ని దింపితే 13.0, ఒక పాయింటు వృథా. లేదా 4.5ని కూడా తీసేసి 3.0నీ 3.5నీ కలిపి దింపాలి, అప్పుడు 14.0 సరిపోతుంది కాని 4.5 బెంచ్ మీద కూర్చుంటాడు. ఒక్క ఫౌల్‌తో ఇంత. పొరపాటున 14.0 దాటిన ఐదుగురితో ఆట మొదలైతే బెంచ్‌కి టెక్నికల్ ఫౌల్ పడుతుంది, లైనప్ సరిదిద్దుకోవాలి.

ఇందువల్లే రెండు క్లాసుల పని చెయ్యగల లో పాయింటర్లకి (తక్కువ క్లాస్ ఆటగాళ్లకి) అంత గిరాకీ. పెద్ద జట్లు ముందే నాలుగైదు లైనప్‌లు తయారుచేసుకుని, ఎవరు వెళ్తే ఎవరెవరు జంటగా మారాలో కాగితం మీద రాసుకుంటాయి. టైమ్‌అవుట్‌లో కూర్చుని కూడికలు వేసుకునే తీరిక ఉండదు.

నాలుగున్నర

లెక్క సరే, కాని దాన్ని మరీ ఎత్తిచూపితే షూటింగ్ చిన్నబోతుంది. రింగ్ ఎత్తు నిలబడి ఆడేవాళ్లకి ఉన్నదే, 3.05 మీటర్లు. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. ఫ్రీ త్రో గీత కూడా అక్కడే. మ్యాచ్ నాలుగు పది నిమిషాల క్వార్టర్లు, షాట్ క్లాక్ 24 సెకన్లు. కూర్చున్న ఎత్తు నుంచి, కాళ్ల తోపు లేకుండా, అదే రింగ్‌లోకి వెయ్యాలి.

ప్యాట్రిక్ ఆండర్సన్‌ని చూడండి. కెనడా, 4.5 క్లాస్. చిన్నప్పుడే రెండు కాళ్లూ మోకాళ్ల కింద పోయాయి. 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్, 2012 లండన్ పారాలింపిక్స్‌లో స్వర్ణం, మధ్యలో 2008 బీజింగ్‌లో రజతం. లండన్ తర్వాత ఆపేశాడు, 2016 రియోకి లేడు, మళ్లీ వచ్చి టోక్యోలో ఆడాడు, 45 ఏళ్ల వయసులో 2024 పారిస్‌లో ఆడాడు. ట్రాయ్ సాక్స్ 1996 అట్లాంటా ఫైనల్లో ఒక్కడే 42 పాయింట్లు కొట్టాడు, ఆస్ట్రేలియా గెలిచింది. ఇలాంటివాళ్లు లేకుండా లెక్క ఎంత సరిపోయినా పతకం రాదు.

షూటింగ్‌లో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, దూరం అందక మోచేతిని పక్కకు తెరిచి ఛాతీ బలంతో విసిరేస్తారు. బంతి ఎత్తు లేకుండా సూటిగా వెళ్లి రింగ్ ముందు అంచుకి కొట్టుకుంటుంది. మోచెయ్యి మణికట్టు కింద ఉండాలి, బంతి తల పైనుంచి వదలాలి, ఆర్క్ (బంతి వెళ్లే వంపు) ఎత్తుగా ఉండాలి. దూరం చెయిర్ ఇస్తుంది: షాట్‌కి ముందు ఒక చిన్న తోపు వేసి, ఆ కదలిక చావకముందే వదిలితే రెండు మూడు అడుగులు ఉచితంగా కలిసొస్తాయి. ఫ్రీ త్రోలో పెద్ద చక్రాలు గీత వెనక ఉంటే చాలు, ముందు క్యాస్టర్లు (చిన్న చక్రాలు) గీత దాటి ఉండొచ్చు. మూడు పాయింట్ల షాట్‌కీ అంతే. ఈ సంగతి తెలియక జూనియర్లు క్యాస్టర్లు కూడా గీత వెనకే పెట్టి అడుగున్నర పోగొట్టుకుంటారు.

ఒకటిన్నర

నాలుగున్నర గారూ, ఆ షాట్‌కి ఖాళీ ఎవరు చేస్తారు? ఒక పొసెషన్ (బంతి ఒక జట్టు చేతిలో ఉండే విడత) దగ్గరగా చూద్దాం.

ఎదుటి జట్టు షాట్ వేసింది, తప్పింది, రీబౌండ్ మనది. ఆ క్షణంలో వాళ్ల 4.5 ఇంకా మన బుట్ట దగ్గరే ఉన్నాడు, వెనక్కి వెళ్లి డిఫెన్స్‌లో నిలబడాలి. మన 1.0 బంతి వైపు చూడడు. రీబౌండ్ ఎవరిదో తేలకముందే చెయిర్‌ని ఆ 4.5 వెళ్లే దారికి అడ్డంగా తిప్పి ఉంచుతాడు. తన పెద్ద చక్రం అతని ఫుట్‌రెస్ట్ ముందుకి రావాలి, బంపర్లు ఎదురెదురుగా కాదు. అతను వెనక్కి లాగి తప్పించుకోబోతే, మనవాడు అరచక్రం వెనక్కి, అరచక్రం ముందుకి వేస్తూ అతనితోపాటే జరుగుతాడు. నాలుగు సెకన్లు అలా ఆపితే చాలు, అవతలి కోర్టులో మనవాళ్లు నలుగురు, వాళ్లు నలుగురు, వాళ్లలో పొడవైనవాడు లేడు. దీన్నే బ్యాక్ పిక్ అంటాం. 1.0 ఇచ్చి 4.5ని ఆటలోంచి తీసేశామన్నమాట. స్కోర్‌షీట్‌లో దీనికి గడి లేదు.

ఫౌల్ ఎప్పుడవుతుందంటే, కదులుతున్నవాడికి ఆగడానికో తిరగడానికో చోటు ఇవ్వకుండా చివరి క్షణంలో దూరితే. చెయిర్‌ని ఒంట్లో భాగంగానే లెక్కిస్తారు, చక్రంతో కొట్టినా చేత్తో కొట్టినా ఒకటే. ముందు దారిలోకి వచ్చి కుదురుకోవాలి, ఆ తర్వాతే తగలాలి. ఆలస్యంగా వచ్చే లో పాయింటర్ మొదటి సగంలోనే మూడు ఫౌల్స్‌తో బెంచ్ ఎక్కుతాడు, అప్పుడు స్కోర్‌బోర్డ్ గారు చెప్పిన గోల మొదలవుతుంది.

ఈ పనికి కావలసింది మొదటి మూడు తోపుల వేగం. అందుకే జట్లు 20 మీటర్ల స్ప్రింట్‌తోపాటు 5 మీటర్ల టైమ్ కూడా విడిగా తీస్తాయి. లో పాయింటర్‌కి రెండోదే ముఖ్యం.

నాలుగున్నర

ఒప్పుకుంటాను. ఆ నాలుగు సెకన్లు లేకపోతే నాకు ఎదురుగా ఎప్పుడూ ఇద్దరు ఉంటారు. హై పాయింటర్ (పెద్ద క్లాస్ ఆటగాడు) కూడా తిరిగి పిక్ పెట్టడం, అంటే దారికి అడ్డం నిలవడం, నేర్చుకోవాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు. మంచి స్కోరర్ అయ్యుండి, పిక్ పెట్టని 4.5కి క్లబ్బులో చోటుంటుంది కాని జాతీయ జట్టులో కష్టం.

టిల్ట్ గురించి ఒక మాట. ఒక చక్రం మీద చెయిర్ లేపి షాట్ వెయ్యడం, రీబౌండ్ అందుకోవడం చూడ్డానికి బాగుంటుంది, పదిహేను ఇరవై సెంటీమీటర్లు కలిసొస్తాయి. కాని పిరుదులు సీటు మీంచి లేచాయా, టెక్నికల్ ఫౌల్. తొడల మీద స్ట్రాప్ వదులుగా ఉన్నవాళ్లకే ఇది ఎక్కువ పడుతుంది: చెయిర్ నేల మీదే ఉండిపోతుంది, ఒళ్లు లేస్తుంది.

కొత్త_చక్రం

చెయిర్ ఎంచుకోవడంలో ఎత్తు, క్యాంబర్ ఎంత పెట్టాలో ఎవరైనా చెబుతారా? పదహారేళ్ల 2.0 ఆటగాడికి మొదటి కస్టమ్ చెయిర్ కోసం. ఇంకా ఎదుగుతున్న వయసు.

చువ్వలు_బేరింగులు

ముందు రూల్స్. 1.0 నుంచి 3.0 వరకు సీటు ఎత్తు, కుషన్‌తో కలిపి, 63 సెంటీమీటర్లు మించకూడదు. 3.5 నుంచి 4.5 వరకు 58. టైరుతో సహా పెద్ద చక్రం వ్యాసం 69 సెంటీమీటర్లకి మించకూడదు. ముందు అడ్డబార్ నేల నుంచి 11 సెంటీమీటర్లలోపు. బ్రేకులు, గేర్లు, స్టీరింగ్ కుదరవు. నేల మీద మరకలు పడే టైర్లూ కుదరవు. మ్యాచ్‌కి ముందు రిఫరీలు కొలుస్తారు. 62.8 దగ్గర సెట్ చేసుకుని, కొత్త కుషన్ వేసుకొచ్చి 63.4 తేలినవాళ్లు హాల్లోనే కుషన్ ఫోమ్ కోసుకోవలసి వస్తుంది. ఎప్పుడూ అర సెంటీమీటరు కిందనే ఉంచండి.

2.0 ఆటగాడు 63 దాకా వెళ్లొచ్చు కదా అని వెళ్లిపోకూడదు. నడుము పట్టు తక్కువున్నవాడు ఎత్తులో కూర్చుంటే ప్రతి ఢీకీ ఒరిగిపోతాడు, ఒక చెయ్యి ఎప్పుడూ చక్రం మీదే ఉండిపోతుంది. లో పాయింటర్లు సీటు వెనక భాగం కిందికి, ముందు భాగం పైకి పెట్టి, మోకాళ్లు తుంటి కన్నా ఎత్తుగా కూర్చుంటారు. ఆ వాలు ఒంటిని సీటులోకి దింపి పట్టి ఉంచుతుంది. ఎంత వాలు అన్నది మనిషిని బట్టి, కాని ఒక పరీక్ష ఉంది: రెండు చేతులూ తల పైకెత్తి బంతి పట్టుకుని కూర్చోవాలి, ఎవరైనా చెయిర్‌ని పక్కనుంచి గట్టిగా తోయాలి. చెయ్యి దించకుండా నిలబడగలిగిన గరిష్ఠ ఎత్తే అతని ఎత్తు. అది 55 అయితే 55.

క్యాంబర్ అంటే చక్రాల పైభాగం లోపలికి, కిందిభాగం బయటికి వాలి ఉండటం. ఈ ఆటలో 15 నుంచి 20 డిగ్రీల మధ్య వాడతారు. ఎక్కువైతే అడుగు వెడల్పై తొందరగా బోల్తా పడదు, చురుగ్గా తిరుగుతుంది, ఢీకొన్నప్పుడు వేళ్లు నలగవు. కాని చెయిర్ వెడల్పవుతుంది, ఇద్దరి మధ్య సందులోంచి దూరడం కష్టం, సూటిగా పరిగెత్తేటప్పుడు టైరు రాపిడి పెరుగుతుంది. ఎదిగే పిల్లాడికి 18 సరిపోతుంది. ఫ్రేమ్ మొత్తం వెల్డ్ చేసింది కాకుండా, సీటు ఎత్తూ యాక్సిల్ (పెద్ద చక్రాల ఇరుసు) ముందు వెనకలూ బోల్టులతో సర్దుకునేది తీసుకోండి. కొంచెం బరువు ఎక్కువ, బోల్టులు వదులవుతుంటాయి, కాని రెండేళ్లలో చెయిర్ మార్చే పని తప్పుతుంది. కొలతలు స్థిరపడ్డాక వెల్డ్ ఫ్రేమ్‌కి వెళ్లొచ్చు. అది గట్టిగా ఉంటుంది, తోసిన శక్తి ఫ్రేమ్ ఊగిసలాటలో పోదు.

యాక్సిల్ ఎంత ముందుకుంటే అంత తేలిగ్గా తిరుగుతుంది, అంత తేలిగ్గా వెనక్కి పడుతుంది. వెనక యాంటీ టిప్ క్యాస్టర్ (వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రం) ఉంటుంది కాబట్టి ఈ ఆటలో యాక్సిల్‌ని రోజువారీ చెయిర్ కన్నా ముందుకు జరుపుకోవచ్చు. మరీ ముందుకు జరిపితే బరువంతా యాంటీ టిప్ మీద పడి, ప్రతి తోపుకీ ముందు క్యాస్టర్లు లేచి పక్కకు తిరుగుతాయి, సూటిగా పోదు.

కొత్త_చక్రం

ధన్యవాదాలు. ఇప్పుడు వాడుతున్న క్లబ్ చెయిర్ సూటిగా తోసినా నాలుగు తోపులకే ఆగిపోతోంది. టైర్లలో గాలి నిండుగా ఉంది, బేరింగులు కొత్తవి. ఏమై ఉంటుంది?

చువ్వలు_బేరింగులు

క్యాస్టర్లో పెద్ద చక్రాలో ఈమధ్య మార్చి ఉంటారు. చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ముందుకు చూడటం లేదు. క్యాంబర్ ఉన్న చెయిర్‌లో ముందు భాగం కొంచెం లేచినా దిగినా చక్రాల దిశ మారిపోతుంది. పెద్ద క్యాస్టర్లు వేస్తే ముందు భాగం లేచి చక్రాలు బయటికి చూస్తాయి, టో అవుట్. వెనక పెద్ద సైజు చక్రం వేస్తే ముందు భాగం దిగి లోపలికి చూస్తాయి, టో ఇన్. ఏది జరిగినా రెండు టైర్లూ నేలని పక్కకు రాస్తూ నడుస్తాయి. కొత్త బేరింగులు దాన్ని కాపాడలేవు.

కొలిచే పద్ధతి: టైర్లలో మ్యాచ్ గాలి నింపి, ఆటగాణ్ని కూర్చోబెట్టండి. రెండు రిమ్‌ల మీద యాక్సిల్ ఎత్తులో, ముందువైపు, చాక్‌పీస్‌తో చిన్న గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం టేపుతో కొలవండి. చెయిర్‌ని నెమ్మదిగా అరచుట్టు ముందుకి నడిపితే అవే గుర్తులు వెనకవైపు యాక్సిల్ ఎత్తుకు వస్తాయి. మళ్లీ కొలవండి. అవే గుర్తులు వాడటం వల్ల రిమ్ వంకర లెక్కలోకి రాదు. రెండు కొలతల తేడా 2 మిల్లీమీటర్లలోపు ఉండాలి. 5, 6 ఉంటే మీ జబ్బు అదే. క్యాంబర్ ట్యూబ్ (రెండు పెద్ద చక్రాల్నీ కలిపే అడ్డగొట్టం) పట్టు బోల్టులు వదులు చేసి, ట్యూబ్‌ని కొద్దిగా ముందుకో వెనక్కో తిప్పి, మళ్లీ కొలిచి, రెండు పక్కలా సమానంగా బిగించండి. ఒక్కసారి తిప్పితే కుదరదు, మూడు నాలుగుసార్లు పడుతుంది. తిప్పే వీలు లేని వెల్డ్ ఫ్రేమ్ అయితే క్యాస్టర్ ఫోర్క్ దగ్గర వాషర్లు చేర్చో తీసో ముందు ఎత్తు సరిచెయ్యాలి.

క్విక్ రిలీజ్ యాక్సిల్ కూడా చూడండి. బటన్ నొక్కకుండా చక్రాన్ని బయటికి లాగితే కదలకూడదు. కొద్దిగా ఆడుతుంటే చివరి నట్ పావుచుట్టు బిగించండి. మరీ బిగిస్తే లాకింగ్ బాల్స్ పూర్తిగా బయటికి రావు. చక్రం మ్యాచ్ మధ్యలో ఊడుతుంది.

భుజం_ఫిజియో

చెయిర్ మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు భుజాన్ని నొప్పి వచ్చేదాకా పట్టించుకోరు. ఈ ఆటలో కెరీర్లు ముగిసేది ఎక్కువగా అక్కడే. తోయడం, షూట్ చెయ్యడం, తల మీద నుంచి పాస్ ఇవ్వడం అన్నీ భుజం ముందువైపు కండరాల్ని పెంచుతాయి. వెనకవైపు కండరాలు వెనకబడతాయి, భుజాలు ముందుకు వాలతాయి, సుప్రాస్పైనేటస్ టెండన్‌కి (చేతిని ఎత్తే ఒక భుజం కండరపు నరానికి) ఎముక కింద చోటు తగ్గి నలుగుతుంది. నిలబడి నడిచే ఆటగాడికి మ్యాచ్ అయ్యాక భుజానికి విశ్రాంతి దొరుకుతుంది. రోజంతా చెయిర్‌లో ఉండే ఆటగాడు అదే భుజంతో మంచం ఎక్కాలి, కారు ఎక్కాలి, బాత్‌రూమ్‌కి వెళ్లాలి. ఆ ట్రాన్స్‌ఫర్లను కూడా ట్రైనింగ్ లోడ్‌లో కలపాలి. ఎక్కువమంది కోచ్‌లు కలపరు.

కనీసం చెయ్యవలసింది: మోచెయ్యి ఒంటికి ఆనించి, మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టుకుని, రబ్బరు బ్యాండ్‌తో చేతిని బయటికి తిప్పడం, 15 చొప్పున మూడు సెట్లు, వారానికి మూడుసార్లు. రోయింగ్ వ్యాయామం బెంచ్ ప్రెస్ కన్నా ఎక్కువ సెట్లు ఉండాలి, రెండింతలైనా తప్పులేదు. ద్వారబంధానికి చెయ్యి ఆనించి ఛాతీ కండరం సాగదీయడం, 30 సెకన్లు, ఒక్కో పక్కకి మూడుసార్లు. తోపు కూడా మార్చాలి: చిన్న చిన్న కుదుపులతో తోసేవాడి భుజం తొందరగా అరుగుతుంది. చక్రం మీద చెయ్యి వెనక నుంచి పట్టి పొడవుగా ముందుకు తోసి, చెయ్యిని కిందినుంచి వెనక్కి తెచ్చుకోవాలి. ఇది వేగం అందుకున్నాక, క్రూజింగ్‌లో. మొదటి మూడు తోపులు ఎలాగూ పొట్టిగానే ఉంటాయి.

మర్నాడు పొద్దున్న లేచేసరికి నొప్పి ఇంకా ఉంటే ఆ వారం షాట్ల సంఖ్య తగ్గించాలి, తోపులు మాత్రమే కాదు.

ఒకటిన్నర

చర్మం, వేడి గురించి కూడా రాయండి, లో పాయింటర్లకి అది భుజం కన్నా తక్కువ కాదు.

భుజం_ఫిజియో

నిజమే. స్పర్శ లేనివాళ్లు ప్రతి ప్రాక్టీసు తర్వాత అద్దంతోనో ఎవరి సాయంతోనో తోక ఎముక, పిరుదు ఎముకలు, స్ట్రాప్ పడే చోట్లు చూసుకోవాలి. ఎర్రటి మచ్చ అరగంటలో మాయం కాకపోతే అది కుషన్ సమస్య, ఆ రోజుకి చెయిర్ దిగిపోవాలి. సీటు వాలు ఎక్కువ పెట్టినవాళ్లకి తోక ఎముక మీదే బరువు పడుతుంది. చువ్వలు_బేరింగులు గారు చెప్పిన సెటప్‌కి ఇది మూల్యం. ఒకసారి పుండు పడితే వారాలు కాదు, నెలలు పోతాయి.

వెన్నులో పైభాగాన గాయమైనవాళ్లకి గాయం కింద చెమట పట్టదు. వేడి హాల్లో ఒళ్లు చల్లబడే దారి ఉండదు. నీళ్ల స్ప్రే, తడి తువ్వాలు, హాఫ్‌టైమ్‌లో మెడ చుట్టూ ఐస్. నీళ్లు తాగడం మానకూడదు. మూత్రానికి వెళ్లడం ఇబ్బందని ప్రయాణంలో నీళ్లు మానేసేవాళ్లు టోర్నమెంట్ మూడో రోజుకి మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌తో పడుకుంటారు.

టీ6 (వెన్నెముక ఛాతీ భాగంలో ఆరో పూస) స్థాయిలోనూ ఆ పైనా గాయమున్నవాళ్లకి అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా గురించి కోచ్‌కి కూడా తెలిసి ఉండాలి. హఠాత్తుగా తలనొప్పి, ముఖం ఎర్రబడటం, గాయం పైన చెమట, రక్తపోటు ఎగబాకడం. కారణం నిండిన మూత్రాశయం, మడతపడిన క్యాథెటర్, బిగిసిన స్ట్రాప్, చర్మం మీద గాయం ఏదైనా కావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, స్ట్రాప్‌లన్నీ వదులు చేసి, మూత్రాశయం ఖాళీ అయ్యేలా చూడాలి, వెంటనే డాక్టర్‌ని పిలవాలి. దీన్ని కావాలని తెచ్చుకుని ఆడటాన్ని బూస్టింగ్ అంటారు, ఐపీసీ (అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ) నిషేధించింది. ప్రాణం మీదికి వచ్చే పని.

యూరప్_లీగులు

డబ్బు వైపు వద్దాం. పూర్తి వృత్తిగా ఆడేవాళ్లు ఎక్కువగా జర్మనీ, స్పెయిన్, ఇటలీ, టర్కీ క్లబ్బులకు వెళ్తారు. జర్మనీలో లాన్-డిల్, తురింజియా, స్పెయిన్‌లో ఇలునియోన్ మాడ్రిడ్, అల్బాసెతె, ఇటలీలో కాంతు, టర్కీలో గలతసరాయ్ పెద్ద పేర్లు. అమెరికాలో దారి వేరు, అక్కడ విశ్వవిద్యాలయ జట్లు ఉన్నాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కార్యక్రమం 1940ల చివర్లోనే మొదలైంది. ఆండర్సన్, స్టీవ్ సెరియో ఇద్దరూ అక్కడివాళ్లే. సెరియో తర్వాత జర్మనీలో ఆడాడు, 2016, 2020, 2024 మూడు పారాలింపిక్స్‌లోనూ అమెరికా పురుషుల జట్టుతో స్వర్ణం గెలిచాడు. అతని క్లాస్ 3.5, స్కోరింగూ ప్లేమేకింగూ రెండూ చేసే మనిషి. 14.0లో అలాంటివాడు ఎంత చోటు మిగులుస్తాడో లెక్క వేసుకోండి.

ఒప్పందంలో చూడవలసినవి జీతం అంకె ఒక్కటే కాదు. ఇల్లు లిఫ్టుతో ఉందా, బాత్‌రూమ్ తలుపు చెయిర్ పట్టేంత వెడల్పా. టైర్లు, క్యాస్టర్లు, ఫ్రేమ్ విరిగితే వెల్డింగ్ ఎవరి ఖర్చు. భుజం గాయమైతే ఎన్ని వారాలు జీతం ఇస్తారు. జాతీయ జట్టు క్యాంపుకి ఏ తేదీ నుంచి వదులుతారు. క్లబ్ సీజన్ శరదృతువు నుంచి వసంతం దాకా, జాతీయ టోర్నమెంట్లు వేసవిలో, మధ్యలో విశ్రాంతి నెల మీరు రాయించుకోకపోతే రాదు.

అన్నిటికన్నా ముఖ్యం, క్లాస్ మారితే ఏమవుతుందన్న షరతు. 2.5గా సంతకం చేసిన ఆటగాణ్ని రివ్యూలో 3.0 చేస్తే, మనిషి అదే, ఆట అదే, కాని క్లబ్‌కి అతని విలువ ఒక్క రాత్రిలో తగ్గుతుంది. ఆ సీజన్‌కి జీతం మారదని రాయించుకోవాలి. పైగా క్లబ్ లీగుల్లో జట్టు పరిమితి ఎప్పుడూ 14.0 కాదు, 14.5 ఉన్నవి కూడా ఉన్నాయి. జర్మన్ లీగ్‌లో ఆడా మగా ఒకే జట్టులో ఆడతారు, మహిళ కోర్టు మీద ఉంటే లెక్కలో సడలింపు ఇస్తారు. అందుకే మంచి మహిళా ఆటగాళ్లకి అక్కడ నిజమైన గిరాకీ ఉంది, మగవాళ్ల వేగానికి అలవాటుపడి వెనక్కి వస్తారు. బంతి మాత్రం గుర్తుంచుకోవాలి: మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌కి 6వ సైజు, మిశ్రమ లీగ్‌లో ఆడి వచ్చే చేతికి 7 అలవాటై ఉంటుంది. క్యాంపు మొదటి వారం షాట్లు రింగ్ వెనక తగులుతాయి.

స్కోర్‌బోర్డ్

2020 సంగతి ఎవరూ రాయలేదు. ఆ ఏడాది జనవరిలో ఐపీసీ, ఐడబ్ల్యూబీఎఫ్ (అంతర్జాతీయ వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ సమాఖ్య) చేసే క్లాసిఫికేషన్ తన నియమావళికి సరిపోవడం లేదని ప్రకటించి, టోక్యో నుంచి ఆటనే తప్పించే పరిస్థితి తెచ్చింది. 4.0, 4.5 ఆటగాళ్లందరినీ మళ్లీ పరిశీలించారు. ఏళ్ల తరబడి ఆడినవాళ్లు కొందరు అనర్హులయ్యారు. కెనడా తరఫున స్వర్ణాలు గెలిచి, రియోలో జెండా మోసిన డేవిడ్ ఎంగ్ వాళ్లలో ఒకరు. బ్రిటన్ ఆటగాడు జార్జ్ బేట్స్‌ది కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ (తగ్గని తీవ్రమైన నొప్పి జబ్బు). ఐపీసీ జాబితాలో నొప్పి అర్హమైన వైకల్యం కాదు. ఆయన పరిస్థితి ఎంత తీవ్రమైనదైనా కాగితం మీద గడి దొరకలేదు.

ఇది అన్యాయమని నా అభిప్రాయం, నియమం మార్చడంలో కాదు, మధ్యలో మార్చడంలో. ఇప్పుడు పైకి వస్తున్న 4.0, 4.5 వాళ్లు మొదటి అంతర్జాతీయ క్లాసిఫికేషన్‌కి ముందే తమ వైకల్యం ఐపీసీ జాబితాలో ఏ రకం కిందికి వస్తుందో తేల్చుకోవాలి: కండర బలం తగ్గడం, అవయవ లోపం, కాళ్ల పొడవు తేడా, కీళ్లు కదిలే హద్దు తగ్గడం, కండరాల బిగువు, అటాక్సియా (కదలికల పొందిక తప్పడం), అథెటోసిస్ (ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం). దానికి తగ్గ స్కాన్లు, కొలతలు, డాక్టర్ రాసిన నివేదిక ఒకే ఫైల్లో ఉండాలి. "మోకాలు నొప్పి, పరిగెత్తలేను" అన్న ఒక్క వాక్యంతో వచ్చే నివేదిక నిలబడదు.

బెంచ్_కోచ్

ఇక్కడిదాకా చదివిన జూనియర్లకి రోజువారీ ప్రాక్టీసులో ఒక్కటి కలుపుతాను. చేతిలో గానీ ఒడిలో గానీ బంతి ఉండగా రెండు తోపులే, మూడోది ట్రావెలింగ్. డబుల్ డ్రిబుల్ ఈ ఆటలో లేదు, కాబట్టి బంతి ఒడిలో, రెండు తోపులు, ఒక డ్రిబుల్, మళ్లీ ఒడిలో. పైస్థాయిలో తేడా ఎక్కడంటే, ఆ డ్రిబుల్‌ని తోపుతోపాటే వేస్తారు: ఒక చెయ్యి బంతిని కొడుతుండగా రెండో చెయ్యి చక్రం మీద ఉంటుంది, చెయిర్ నెమ్మదించదు. దాన్ని కుడి, ఎడమ రెండు చేతులతోనూ, బేస్‌లైన్ నుంచి బేస్‌లైన్‌కి, బంతి వైపు చూడకుండా చెయ్యగలగాలి. బంతిని మోకాళ్ల మధ్య బిగించకూడదు, ఒడిలో ఊరికే ఉండాలి. సీటు వాలు తక్కువున్న హై పాయింటర్లకి బంతి జారిపోతుంది, వాళ్లు పొట్ట వైపు కొంచెం లాక్కుని మోచేతితో కాచుకుంటారు.

కొత్త_చక్రం

చివరి ప్రశ్న. విదేశీ టోర్నమెంట్‌కి చెయిర్‌ని విమానంలో ఎలా పంపాలి? సంచిలో ఏం పెట్టుకోవాలి?

చువ్వలు_బేరింగులు

పెద్ద చక్రాలు తీసి ప్యాడింగ్ ఉన్న సంచుల్లో విడిగా. ఫ్రేమ్‌లో ముందుగా దెబ్బతినేవి క్యాస్టర్ ఫోర్కులు, యాంటీ టిప్ చివర. వాటి చుట్టూ ఫోమ్ చుట్టి టేప్ వెయ్యండి. యాక్సిల్ పిన్నులు ఫ్రేమ్‌లో వదలొద్దు, కుషన్‌తోపాటు చేతి సామానులో ఉంచుకోండి. కుషన్ పోతే ఫ్రేమ్ వచ్చినా ఆడలేరు, చర్మం కూడా పోతుంది. గాలి కుషన్ అయితే గమ్యం చేరాక మళ్లీ సరిచూసుకోవాలి.

పనిముట్లు చెక్ ఇన్ సామానులో: 4, 5, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, చువ్వలు బిగించే స్పోక్ కీ, టైర్ లివర్లు, గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు. స్పేర్‌గా రెండు ట్యూబులు, ఒక టైరు, క్యాస్టర్ చక్రాలు రెండు, వాటికి 608 బేరింగులు నాలుగు, వెనక హబ్‌కి ఆర్8 బేరింగులు రెండు, యాక్సిల్ ఒకటి, నాలుగైదు చువ్వలు మీ రిమ్‌కి సరిపడే పొడవువి, ఒక జత తొడ స్ట్రాప్. మీ యాక్సిల్ అర అంగుళానిదో కాదో ముందే చూసుకోండి, ఆర్8 సరిపోయేది దానికే. జట్టంతా ఒకే యాక్సిల్, ఒకే క్యాస్టర్ వాడితే సంచి సగమవుతుంది, కోచ్‌లు ఆర్డర్ పెట్టేటప్పుడే ఇది చూసుకోవాలి. హాల్లోకి దిగాక మొదటి పని చక్రాలు బిగించి టో కొలవడం. సామానులో ఫ్రేమ్ నలిగితే అక్కడే తెలిసిపోతుంది, ఎయిర్‌లైన్‌కి ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.